పొద్దు గూకినాక రోవర్ ఫిక్స్ పోతా ఉంది, మిషన్‌లో లోపమా ఇంకేమన్నానా?

తోట_సర్వేయర్

అందరికీ నమస్తే. చిత్తూరులో ప్రైవేట్‌గా సర్వే పని చేసుకుంటా ఉండా. బేస్, రోవర్ సెట్టు (శాటిలైట్ సిగ్నల్‌తో కొలిచే మిషన్లు, బేస్ ఒకచోట నిలబెడతాం, రోవర్ పట్టుకుని తిరుగుతాం) సొంతంది, అప్పు చేసి కొన్నా, ఇంకా కంతులు కట్టాల్సినవి ఉండాయి, అందుకే ఈ భయం. విషయం ఏందంటే పది రోజులుగా ఐరాల పక్కన ఒక మామిడి తోట, అన్నదమ్ముల భాగాలు, కొలస్తా ఉండాం. పగలు ఎండ మండిపోతా ఉంది, పైగా చిన్నాయన ఉద్యోగం చూసుకుని వచ్చేసరికి నాలుగున్నర అవుతాది, ఇద్దరూ పక్కన నిలబడకపోతే ఒక్క రాయి కూడా నాటనియ్యరు. కాబట్టి పని మొత్తం సాయంత్రం అయిదు నుంచి రాత్రి తొమ్మిది దాకా, నెత్తిన లైటు కట్టుకుని.

ఏడు దాకా బంగారం మాదిరి పని చేస్తాది. బైపాడ్ (రోవర్ నిలబెట్టే స్టాండు) నిలబెట్టి లెవెల్ బుడగ మధ్యకి తెచ్చే లోపలే ఫిక్స్, అంటే సెంటీమీటర్లలో గట్టి లెక్క, వచ్చేస్తాది, ఒకే పాయింట్ రెండు సార్లు కొడితే సెంటీమీటర్ తేడా రాదు. ఏడున్నర దాటిందా, ఇంగ మొదలు. ఫిక్స్ పోయి ఫ్లోట్ (ఇంకా తేలని లెక్క), మళ్ళీ ఫిక్స్, మళ్ళీ ఫ్లోట్. ఇరవై ఎనిమిది శాటిలైట్లు చూపిస్తా ఉన్నది ఉన్నట్టుండి పంతొమ్మిదికి పడిపోతాది, రవ్వంత సేపటికి మళ్ళీ ఇరవై ఆరు. పోయిన గురువారం అయితే ఇంకా ఘోరం, స్క్రీన్ మీద ఫిక్స్ అనే ఉంది, పాయింట్ కొట్టినా, గుర్తుకి మేకు కొట్టినా, పొద్దున పోయి మళ్ళీ చూస్తే 38 సెంటీమీటర్లు పక్కకి ఉంది. అన్నదమ్ముల మధ్యన 38 సెంటీమీటర్లంటే గెనిమ (గట్టు) ఎవరిదనేదే మారిపోతాది, మీకు తెలీనిదేముంది.

అమ్మిన షాపాయన ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చెయ్యమన్నాడు, చేసినా. కేబుల్ మార్చమన్నాడు, మార్చినా. ఇప్పుడు బోర్డ్ తీసి పంపించు అంటా ఉండాడు, పంపిస్తే నెల రోజులు ఇంట్లో కూర్చోవాల్సిందే.

ఇంకొక మాట. నేను హెల్పర్‌గా ఉన్నప్పుడు మా గురువు దగ్గర పాత సెట్టుతో 2019, 2020లో ఇదే మార్చి ఏప్రిల్‌లో రాత్రి పది దాకా చేసిన రోజులు బోలెడు, ఒక్కనాడు కూడా ఇట్లా కాలేదు. అది పాత మిషన్, ఇది కొత్తది, మరి కొత్తదే చెడిందనుకోవాలి కదా? ఎవరికన్నా అనుభవం ఉంటే చెప్పండప్పా.

---

డ్రోన్_మావ

అన్నా మామిడి తోట అన్నావు కదా, ఆడే ఉంది తిరకాసు. చెట్ల కింద సిగ్నల్ ఆకుల్లోంచి వస్తాది, కొమ్మకి తగిలి వస్తాది, రిసీవర్‌కి ఏది నేరుగా వచ్చిందో ఏది తగులుకుని వచ్చిందో తెలీదు. మల్టీపాత్ అంటారు. ఫుల్లుగా ఆకున్న తోతాపురి చెట్టు కింద ఫిక్స్ వచ్చిందంటేనే అనుమానించాల. తోట బయట ఖాళీ చేలో ఒకసారి పెట్టి చూడు.

---

తోట_సర్వేయర్

చూసినానన్నా. తోటకి ఆనుకుని వేరుశనగ పీకేసిన బీడు ఉంది, చుట్టూ రెండు వందల అడుగుల దాకా చెట్టు లేదు, కరెంటు తీగ కూడా లేదు. ఆడా ఇదే కథ. పైగా సాయంత్రం ఆరుకి ఆ చెట్ల కిందనే ఫిక్స్ ఇస్తా ఉంది కదా, రాత్రి ఎనిమిదికి ఆకులేమన్నా కొత్తగా మొలుస్తాయా.

---

పాకాల_జంక్షన్

నేను చెప్తే నవ్వుతారేమో గానీ మీరంతా గాదంకి సంగతి మర్చిపోతున్నారు. టోల్ ప్లాజా దాటినాక ఉండే ఆ రాడార్, ఎకరాలకెకరాల్లో యాంటెన్నాలు పెట్టి ఆకాశంలోకి మెగావాట్ల పవర్ కొడతారంట. మా బాబాయ్ దాని ముందర నుంచే రోజూ పోతాడు. ఐరాల ఎంత దూరం దానికి, గీత గీస్తే పక్కనే. రాత్రి పూట ఆన్ చేస్తారేమో, దాని దెబ్బకి నీ మిషన్ తిక్కతిక్కగా చేస్తా ఉందేమో. బార్డర్‌లో జామర్లు పెడతారు కదా అట్లాగన్నమాట.

---

కొండకింద_ఎమ్మెస్సీ

@పాకాల_జంక్షన్ బ్రో, నవ్వలేదు, కానీ కేసు తిరగబడింది. గాదంకి రాడార్ దొంగ కాదు, దొంగని చూస్తున్న సీసీ కెమెరా అది. నేను ఎస్వీయూలో ఫిజిక్స్, మా ప్రాజెక్ట్ కూడా దీని చుట్టుపక్కలే కాబట్టి కాస్త వివరంగా రాస్తా, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

ముందు రాడార్ సంగతి తేల్చేద్దాం. అది పని చేసేది 53 మెగాహెర్ట్జ్ మీద. జీపీఎస్ ముఖ్యమైన సిగ్నల్, ఎల్1 అంటారు, 1575.42 మెగాహెర్ట్జ్. రెంటికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత దూరం. పైగా ఆ 1024 యాగీ యాంటెన్నాలు, 130 మీటర్ల పొడుగు 130 మీటర్ల వెడల్పు స్థలంలో, అన్నీ కలిసి పవర్‌ని నిలువుగా పైకి సన్నటి బీమ్‌గా పంపిస్తాయి, ఐరాల వైపు కాదు. 1990ల మొదట్లో నుంచీ ఉంది అది, దాని వల్లే అయితే 2019లో కూడా నీ పని చెడాలి కదా.

అసలు విషయం అయనోస్ఫియర్. మన నెత్తిన ఓ వంద కిలోమీటర్ల నుంచి వెయ్యి దాకా గాలి చాలా పల్చగా ఉంటుంది, ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ అణువుల్లోంచి ఎలక్ట్రాన్లని ఊడగొడతాయి. 300, 400 కిలోమీటర్ల దగ్గర ఈ ఎలక్ట్రాన్లు బాగా చిక్కగా ఉంటాయి, దాన్ని ఎఫ్ పొర అంటారు. జీపీఎస్ శాటిలైట్ ఇరవై వేల కిలోమీటర్ల పైన ఉంది కాబట్టి సిగ్నల్ ఈ పొరలోంచి దిగి రాక తప్పదు, దిగేటప్పుడు లేట్ అవుతుంది. ఎంత లేట్ అంటే, ఎలక్ట్రాన్ల లెక్కకి ఒక యూనిట్ ఉంది, ఒక యూనిట్‌కి ఎల్1 మీద 16 సెంటీమీటర్లు తేడా. మన వైపు సూర్యుడు జోరు మీద ఉన్న ఏడాదుల్లో మధ్యాహ్నం రెండు ప్రాంతంలో వంద యూనిట్లు కూడా దాటుతుంది, అంటే 16 మీటర్లు. కానీ ఇది మీకు అడ్డం కాదు, బేస్‌కీ రోవర్‌కీ ఒకే ఆకాశం, ఇద్దరికీ ఒకే లేట్, తీసేస్తే పోతుంది. అందుకే ఎర్రటి ఎండలో కూడా నీకు ఫిక్స్ వస్తోంది.

చిక్కు వచ్చేది పొద్దు గూకినాకే, అదీ మన దగ్గరే ఎక్కువ. భూమికి అయస్కాంత భూమధ్యరేఖ అని ఇంకోటి ఉంది, మామూలు భూమధ్యరేఖ కాదు, అది మన దేశం దక్షిణపు కొస మీదుగా పోతుంది. 1963 నవంబర్ 21న కేరళలోని తుంబా నుంచి మొదటి రాకెట్ వదిలింది కూడా ఆ రేఖ ఆ ఊరి మీదుగా పోతోందనే. తిరుపతి మ్యాప్‌లో 13న్నర డిగ్రీల దగ్గర ఉన్నా అయస్కాంత లెక్కలో ఆరేడు డిగ్రీలే, అంటే మనం ఆ రేఖకి పక్కింటివాళ్ళం. అక్కడ అయస్కాంత గీతలు నేలకి సమాంతరంగా పడుకుని ఉంటాయి, పగలు తూర్పు వైపు విద్యుత్ క్షేత్రం ఉంటుంది, ఈ రెండూ కలిసి ఎలక్ట్రాన్లని పైకి తోస్తాయి. సూర్యాస్తమయం అప్పుడు ఆ క్షేత్రం పడమరకి తిరగబోయే ముందు, దీపం ఆరిపోయే ముందు భగ్గుమన్నట్టు, ఒక్కసారి పెరుగుతుంది. దాంతో ఎఫ్ పొర గబగబా ఇంకా పైకి లేస్తుంది. ఇటు కింద పొరల్లో వెలుతురు పోగానే ఎలక్ట్రాన్లు మళ్ళీ అణువుల్లో కలిసిపోయి ఖాళీ అవుతాయి. చూడండి ఇప్పుడు పరిస్థితి: పైన చిక్కటిది, కింద దాదాపు ఏమీ లేనిది. బరువు పైన, తేలిక కింద. నిలుస్తుందా అది?

రాగి సంగటి ఉడికేటప్పుడు చూశారు కదా, పైన పిండి మందంగా పరుచుకుని ఉంటుంది, కింద నుంచి గుబుక్కున బుడగ పొడుచుకుని పైకి లేస్తుంది. అదే ఇక్కడా. ప్లాస్మా బబుల్ అంటారు. ఒక్కో బుడగ తూర్పు పడమరలుగా వంద కిలోమీటర్లు కూడా ఉండొచ్చు, ఉత్తర దక్షిణాలుగా అయితే అయస్కాంత గీత వెంబడి వేల కిలోమీటర్లు సాగి ఉంటుంది, ఎత్తు వెయ్యి కిలోమీటర్లు దాటి పోయేవీ ఉన్నాయి. ఆ బుడగ లోపలా అంచుల్లోనూ అంతా చీలికలు పేలికలు. వాటిల్లో 350, 400 మీటర్ల సైజు ముక్కలున్నాయే, అవే నీ జీపీఎస్‌కి శత్రువులు. సిగ్నల్ వాటిల్లోంచి వచ్చేటప్పుడు చెదిరి, నేల మీద ఒకచోట ఎక్కువగా ఒకచోట తక్కువగా పడుతుంది. నక్షత్రం మినుకుమినుకుమనడం చూశాం కదా, రేడియోలో అదే మినుకు. సింటిలేషన్ అంటారు.

---

హామ్_తాత

బాబూ కొండకింద, బాగా చెప్పావు, కానీ సంగటి పోలికలో ఒక పేచీ. సంగటిలో బుడగ లేచేది కింద మంట ఉండబట్టి. అక్కడ మంట లేదు, బరువు మాత్రమే. నూనె సీసాలో సగం నీళ్ళు పోసి మూత పెట్టి తలకిందులు చేస్తే నూనె వేళ్ళు వేళ్ళుగా పైకి లేస్తుందే, అది దగ్గర పోలిక. చిన్న విషయమే, ఊరికే ఉండలేక చెప్పాను.

నేను నలభై ఏళ్ళుగా హామ్ రేడియో. మీ జీపీఎస్‌లు రాకముందు నుంచీ ఈ బుడగలు మాకు పాత చుట్టాలు. మార్చి, ఏప్రిల్, మళ్ళీ సెప్టెంబర్, అక్టోబర్, ఈ నెలల్లో రాత్రి ఎనిమిది దాటాక షార్ట్‌వేవ్‌లో దూరపు స్టేషన్ పెడితే గొంతు వణుకుతూ వస్తుంది, ఫ్యాన్ ముందు కూర్చుని మాట్లాడినట్టు. మా ఇంటావిడ అయితే వాడికి చలి జ్వరం వచ్చిందా అనేది. డిసెంబర్‌లో పెడితే అంత ఉండదు.

ఇది కొత్త సంగతి కూడా కాదు. 1938లోనే పెరూ దేశంలో హువాన్‌కాయోలో బుకర్, వెల్స్ అని ఇద్దరు, రాత్రి పూట అయనోస్ఫియర్ నుంచి తిరిగి వచ్చే సిగ్నల్ శుభ్రమైన గీతలా కాకుండా సిరా ఒలికినట్టు పరుచుకుని రావడం చూసి రాశారు. దానికే స్ప్రెడ్ ఎఫ్ అని పేరు. తర్వాత 1976లో అదే పెరూలో జికామార్కా రాడార్ బొమ్మల్లో పొగ గొట్టంలోంచి పొగ లేచినట్టు బుడగలు పైకి లేవడం బయటపడింది. మన గాదంకి రాడార్ బొమ్మలూ అచ్చం అట్లానే ఉంటాయి.

---

కొండకింద_ఎమ్మెస్సీ

తాతా ఒప్పుకున్నా, నూనె సీసానే కరెక్ట్. కానీ చిత్తూరోళ్ళకి సంగటి చెప్తేనే నోట్లో నీళ్ళూరి గుర్తుంటుంది 😀

గాదంకి రాడార్ ఆ బొమ్మ ఎలా తీస్తుందో చెప్పాలి. 53 మెగాహెర్ట్జ్ అంటే తరంగం పొడుగు అయిదున్నర మీటర్ల పైచిలుకు, దానికి కనపడేది అందులో సగం, అంటే మూడు మీటర్ల లోపు సైజు చీలికలు. అవి అయస్కాంత గీత వెంబడి సన్నగా సాగి ఉంటాయి కాబట్టి బీమ్‌ని కాస్త ఉత్తరానికి వంచి గీతకి లంబంగా కొట్టాలి, అప్పుడే అద్దం మీద పడ్డట్టు తిరిగి వస్తుంది. అది కాక 30 మెగాహెర్ట్జ్ మీద ఇంకో రాడార్ కూడా పెట్టారు అక్కడ, అయనోస్ఫియర్ కోసమే. పెద్ద రాడార్ పెట్టినప్పుడు వాళ్ళ పేరు ఎంఎస్‌టీ రాడార్ ఫెసిలిటీ, 2005 నుంచి ఎన్‌ఏఆర్‌ఎల్, అంటే నేషనల్ అట్మాస్ఫియరిక్ రీసెర్చ్ లాబొరేటరీ.

ఇక @తోట_సర్వేయర్ అన్నా, నీ పోస్టులోనే నువ్వు పెద్ద క్లూ ఇచ్చేశావు, నువ్వే గమనించలేదు. 2019, 2020లో రాలేదన్నావు. సూర్యుడికి పదకొండేళ్ళ లెక్క ఒకటి ఉంది. 2019 డిసెంబర్‌లో సూర్యుడు బాగా నిద్రలో ఉన్నాడు, మచ్చలే లేవు. అప్పుడు ఎఫ్ పొర పల్చగా ఉంటుంది, సాయంత్రం లేవడం కూడా తక్కువ, బుడగలు తక్కువ, వచ్చినా ఎల్1ని కదిపేంత బలం ఉండదు. అదే 2024 అక్టోబర్ ప్రాంతంలో సూర్యుడు శిఖరానికి వచ్చాడు, మనం ఇంకా ఆ వేడిలోనే ఉన్నాం. అంటే మీ గురువు పాత మిషన్ గట్టిదీ కాదు, నీ కొత్త మిషన్ చెడిందీ కాదు.

మార్చి, సెప్టెంబరే ఎందుకు అంటే, సూర్యాస్తమయం గీత అయస్కాంత గీతకి దాదాపు సమాంతరంగా వచ్చేది ఈ నెలల్లోనే. మన పైన ఉన్న గీత ఉత్తరం కొసా దక్షిణం కొసా ఒకేసారి చీకట్లోకి పోతాయి, అప్పుడు ఆ సాయంత్రపు క్షేత్రం బాగా బలంగా పెరుగుతుంది. ఒక కొస ఇంకా ఎండలో ఉంటే ఆ మేరకు బలం తగ్గుతుంది.

---

పాకాల_జంక్షన్

సరే రాడార్‌ని వదిలేసినా 🙏 మరి 2024 మేలో సౌర తుఫాను వచ్చిందన్నారు కదా, లడఖ్‌లో హాన్లేలో ఆకాశం ఎర్రగా కనపడిందంట, అట్లాంటిదేమన్నా ఇప్పుడు కూడా?

---

కొండకింద_ఎమ్మెస్సీ

కాదు బ్రో. ఇది తుఫానుతో పని లేని రోజువారీ వ్యవహారం. తుఫాను వస్తే ఒక్కోసారి బుడగలు ఎక్కువవుతాయి, ఒక్కోసారి అసలు రాకుండా పోతాయి, ఏ టైముకి వచ్చిందన్న దాన్ని బట్టి. అసలు ఈ రోజు వచ్చి రేపు ఎందుకు రాదో అన్నది ఇప్పటికీ గట్టిగా ముందే చెప్పలేరు, ప్రపంచం మొత్తం మీద ఈ సబ్జెక్ట్‌లో తల పట్టుకునే ప్రశ్న అదే. సీజన్ చెప్పగలం, ఫలానా మంగళవారం చెప్పలేం. మామిడి పూత లాంటిదే, ఏ నెలో తెలుసు, ఏ కొమ్మో తెలీదు.

---

డిష్_సర్వీస్_రేణిగుంట

మధ్యలో దూరుతున్నా, మా కస్టమర్లు కూడా రాత్రి పూట బొమ్మ పోతోందని ఫోన్లు చేస్తారు. దానికీ ఇదేనా కారణం?

---

కొండకింద_ఎమ్మెస్సీ

కాదన్నా. డీటీహెచ్ పదకొండు, పన్నెండు గిగాహెర్ట్జ్ దగ్గర, ఆ ఫ్రీక్వెన్సీకి అయనోస్ఫియర్ ఉన్నా లేనట్టే. ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ ఈ మినుకు తగ్గుతుంది. 250 మెగాహెర్ట్జ్ శాటిలైట్ రేడియో అయితే చచ్చిపోతుంది, జీపీఎస్ దెబ్బ తింటుంది, జీపీఎస్ లాంటిదే మన దేశపు నావిక్, దానిలోని ఎస్ బ్యాండ్ 2492 మెగాహెర్ట్జ్ చాలా వరకు నిలబడుతుంది, మీ డిష్‌కి సంబంధమే లేదు. మీకు శత్రువు వాన. వాన లేకుండా బొమ్మ పోతే కనెక్టర్లో చీమలు చూడండి.

---

డ్రోన్_మావ

నేను చెట్లు అని పొరబడినా, సారీ అన్నా. అయితే ఒక డౌట్ తమ్ముడూ, ఈ రోవర్లన్నీ డ్యూయల్ ఫ్రీక్వెన్సీ కదా, రెండు ఫ్రీక్వెన్సీలు ఉంటే అయనోస్ఫియర్ ఎర్రర్ తీసేస్తాది అని డెమోలో ఊదరగొట్టి చెప్తారే?

---

కొండకింద_ఎమ్మెస్సీ

అక్కడే అందరూ మోసపోయేది. డ్యూయల్ ఫ్రీక్వెన్సీ తీసేసేది లేట్‌ని. సింటిలేషన్‌లో సమస్య లేట్ కాదు, సిగ్నలే పడి లేవడం. మామూలుగా సిగ్నల్ బలం 45 డీబీ దగ్గర నిలబడే శాటిలైట్ రెండు మూడు సెకండ్లకి 25కి పడి మళ్ళీ లేస్తుంది. ఆ బుడగ రాత్రి పూట తూర్పు వైపు సెకండ్‌కి వంద మీటర్ల పైన జరుగుతూ ఉంటుంది, నేల మీద వెలుగు నీడల్లాగా ఈ ఎగుడుదిగుడు నీ బైపాడ్ మీదుగా పోతూ ఉంటుంది. రిసీవర్ పని ఏంటంటే తరంగాల్ని లెక్కపెట్టడం, ఎల్1 తరంగం ఒకటి 19 సెంటీమీటర్లు. సిగ్నల్ పడ్డప్పుడు లెక్క తప్పుతుంది, సైకిల్ స్లిప్. పైగా జీపీఎస్ మిగతా సిగ్నళ్ళు ఎల్2, ఎల్5 ఫ్రీక్వెన్సీ ఇంకా తక్కువ కాబట్టి అవి ఎల్1 కన్నా ముందే పడిపోతాయి, అంటే మీ రెండో ఫ్రీక్వెన్సీ అవసరమైనప్పుడే చేతులెత్తేస్తుంది.

(38 సెంటీమీటర్లు అంటే సరిగ్గా రెండు తరంగాలు కదా అని ఎవరన్నా సంబరపడేరు, అది కాకతాళీయం. లెక్క తప్పింది ఒక శాటిలైట్ మీద, దాని దెబ్బ పొజిషన్‌లో ఏ దిక్కుకి ఎంత వస్తుందో మిగతా శాటిలైట్లు ఎక్కడున్నాయో దాన్ని బట్టి ఉంటుంది.)

బేస్ రోవర్ దగ్గరగా ఉంటే అంతా కొట్టేసుకుంటుంది అన్నది కూడా ఇక్కడ పూర్తిగా పని చెయ్యదు, ఎందుకంటే ఆ ఎగుడుదిగుడు సైజే 400 మీటర్లు, బేస్ మీద లేచినప్పుడు రోవర్ మీద పడొచ్చు.

ఇప్పుడు మిషనా ఆకాశమా తేల్చుకునే పని. అన్నా, ఆ బీడులోనే రోవర్‌ని కదపకుండా సాయంత్రం ఆరున్నర నుంచి రాత్రి పదకొండున్నర దాకా పెట్టి రా డేటా (శాటిలైట్ల నుంచి వచ్చిన లెక్కలు ఉన్నవి ఉన్నట్టు) రికార్డ్ చెయ్యి, రెండు మూడు రోజులు. జీపీఎస్ శాటిలైట్లు రోజూ నాలుగు నిమిషాలు ముందుగా అదే చోటుకి వస్తాయి. చెట్టో గోడో కారణమైతే ఏ శాటిలైట్ నిన్న 8:10కి పాడయిందో ఈ రోజు అదే 8:06కి పాడవుతుంది, అచ్చు గుద్దినట్టు. బోర్డ్ చెడితే అన్ని దిక్కుల శాటిలైట్లూ ఒకేలా పాడవ్వాలి, పగలు కూడా. బుడగ అయితే ఒక దిక్కులో రెండు మూడే పాడవుతాయి, ఆ పాడు మెల్లగా తూర్పుకి జరుగుతుంది, రేపు అసలు రాకపోవచ్చు కూడా.

---

రేణిగుంట_రన్‌వే

సైలెంట్‌గా చదువుతున్నా, ఒక మాట చెప్పాలనిపించింది. నేను పైలట్ కాదు, ఎయిర్‌పోర్ట్‌లో గ్రౌండ్ పని. విమానాలకి జీపీఎస్ తప్పుల్ని సరిచేసి పంపే మన గగన్ సిస్టమ్, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ (ఏఏఐ) ఇస్రో కలిసి కట్టింది, దీనికి ఇదే అయనోస్ఫియర్ పెద్ద తలనొప్పి అయింది. అమెరికా వాళ్ళ సిస్టమ్‌లో అయనోస్ఫియర్‌ని 350 కిలోమీటర్ల ఎత్తున ఒకే ఒక పల్చటి దుప్పటి అనుకుని లెక్క కడతారు, వాళ్ళకి అది సరిపోయింది. ఇక్కడ సరిపోలేదు. అయస్కాంత రేఖ పైన లేచిన ఎలక్ట్రాన్లు ఫౌంటెన్ లాగా రెండు పక్కలకీ జారి అహ్మదాబాద్, భోపాల్, కోల్‌కతా వరసలో కుప్పగా పడతాయి, దక్షిణం నుంచి అక్కడికి పోయే కొద్దీ లెక్క మారిపోతుంది. అందుకని ఇస్రో పలు పొరల మోడల్ సొంతంగా చేసుకుంది. 2013 డిసెంబర్‌లో దారి మధ్యలో వాడటానికి, 2015 ఏప్రిల్‌లో రన్‌వేకి దిగేటప్పుడు వాడటానికి సర్టిఫై అయింది.

నేను చెప్పదలచుకున్నది అది కాదు. గగన్ మ్యాప్‌లోని ప్రతి గడికీ కరెక్షన్‌తో పాటు 'ఇది ఎంత నమ్మొచ్చు' అన్న అంకె కూడా పంపిస్తుంది. ఆకాశం బాలేకపోతే ఆ అంకె పెరిగిపోతుంది, విమానంలో రిసీవరే నేను వద్దు అని తప్పుకుంటుంది. తప్పు చెప్పడం కన్నా నోరు మూసుకోవడం మేలు అన్న పద్ధతి. మీ రోవర్ అలా కాదు, తప్పు లెక్కతో కూడా ధైర్యంగా ఫిక్స్ అని పచ్చ లైటు వేస్తుంది. 38 సెంటీమీటర్ల కన్నా ఆ పచ్చ లైటే ఎక్కువ ప్రమాదం అనిపించింది నాకు.

---

హామ్_తాత

నూటికి నూరు పాళ్ళు. పచ్చ లైటు నమ్మి మేకు కొడితే రేపు కోర్టులో ఆ లైటు వచ్చి సాక్ష్యం చెప్పదు.

---

తోట_సర్వేయర్

అన్నా, తమ్ముడూ, తాతా, ఆలస్యానికి క్షమించండి, చెప్పినట్టే మూడు రాత్రులు బీడులో పెట్టినా. దోమలు పీక్కు తిన్నాయి, ఆ పిల్లోడు హెల్పర్ ఇంగ రానంటా ఉండాడు.

మొదటి రాత్రి: 7:40 దాకా ఏమీ లేదు. తర్వాత పడమర దిక్కున రెండు శాటిలైట్లు, ఒకటి 44 నుంచి 27కి పడి మళ్ళీ 43, కోతి కొమ్మెక్కి దిగినట్టు. ఎల్2 అయితే సున్నా అయిపోయింది మధ్యలో. అదే టైములో తూర్పు దిక్కున ఉన్నవి 46 దగ్గర కదలకుండా నిలబడినాయి. ఎనిమిదింపావుకి నడినెత్తిన ఉన్నది మొదలెట్టింది, తొమ్మిదికి తూర్పువి. పడమటివి ఆ టైముకి బాగయిపోయినాయి. తమ్ముడు చెప్పినట్టే తూర్పుకి నడిచింది, కళ్ళారా చూసినా. 11:10కి అంతా సద్దుమణిగింది.

రెండో రాత్రి సరిగ్గా నాలుగు నిమిషాలు ముందు అవుతాదేమోనని 7:30 నుంచి కళ్ళు పత్తికాయలు చేసుకుని కూర్చున్నా. ఏమీ రాలేదు. రాత్రంతా ఫిక్స్, ఒక్కసారి కూడా పోలేదు. ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్తే 'అయితే బాగయిపోయిందా మిషను' అంది.

మూడో రాత్రి 8:20కి వచ్చింది, ఈసారి దక్షిణం పక్కవి మూడు పోయినాయి, గంటన్నర ఉంది.

కాబట్టి బోర్డ్ పంపించడం లేదు. షాపాయనకి ఫోన్ చేసి బుడగలు అన్నా, ఆయన యాంటెన్నాలో నీళ్ళు చేరినాయా అన్నాడు, వదిలేసినా.

ఇప్పుడు నాకు తెలియాల్సింది ఒకటే, ఈ సీజన్ అయ్యేదాకా పని ఎట్లా చెయ్యాల?

---

కొండకింద_ఎమ్మెస్సీ

అన్నా ఆ డేటా డిలీట్ చెయ్యొద్దు, నాకు పంపు, బంగారం అది.

పని విషయానికి వస్తే, తెల్లారి అయిదున్నర నుంచి పదకొండు దాకా చేసుకో, బుడగల పీడ ఉండదు, ఎలక్ట్రాన్లు కూడా తక్కువ. సాయంత్రం తప్పదంటే ఏడుకి ఆపెయ్. అదీ తప్పదంటే జీపీఎస్ ఒక్కటే కాదు, వేరే దేశాల శాటిలైట్లు గ్లోనాస్, గెలీలియో, బైడూ అన్నీ ఆన్ చెయ్, ఊగుతున్న శాటిలైట్‌ని చేత్తో ఆపెయ్, మిగతావి స్థిరంగా ఉంటే సరిపోతాయి. పాయింట్ కొట్టాక రిసీవర్‌ని రీసెట్ చేసి కొత్తగా ఫిక్స్ తెచ్చుకుని మళ్ళీ కొట్టు, రెండూ కలిస్తేనే మేకు. తెలిసిన రాయి ఒకటి పెట్టుకుని గంటకోసారి దాని మీద నిలబెట్టు. మే సగం దాటాక బాగా తగ్గుతుంది, మళ్ళీ సెప్టెంబర్‌లో గుర్తు పెట్టుకో. సూర్యుడు చల్లబడే కొద్దీ రెండు మూడేళ్ళలో నువ్వు మళ్ళీ రాత్రి పది దాకా చెయ్యొచ్చు.

---

డ్రోన్_మావ

బేస్ రా డేటా కూడా రికార్డ్ చేసి పెట్టుకో అన్నా, అనుమానం ఉన్న పాయింట్లని ఇంట్లో కూర్చుని ముందుకీ వెనక్కీ ప్రాసెస్ చేసుకోవచ్చు. నేను డ్రోన్ ఫోటోలకి ఇప్పుడు అదే చేస్తా ఉండా, లైవ్ ఫిక్స్‌ని నమ్మడం మానేసినా.

---

తోట_సర్వేయర్

ఈ పొద్దు తెల్లారి 5:40కి పోయినా. చిన్నాయన డ్యూటీకి పోయే ముందర వచ్చి నిలబడినాడు, పెద్దాయన కాఫీ తెచ్చినాడు, అన్నదమ్ములిద్దరూ ఒక్క గెనిమ మీద కూర్చుని తాగినారు, పది రోజుల్లో మొదటిసారి. పోయిన గురువారం కొట్టిన మేకు పీకేసి కొత్తగా మూడు సార్లు కొలిచినా, మూడూ ఒకటిన్నర సెంటీమీటర్ లోపలే. పెద్దాయన అడిగినాడు, 'ఏమయ్యా, ఆ రాత్రి కొలిచింది తప్పని ఇప్పుడెట్లా నమ్మాల, ఇదే తప్పేమో' అని. ఎలక్ట్రాన్లు అని మొదలెట్టి, ఆయన మొహం చూసి ఆపేసి, వాళ్ళ నాయన టైములో నాటిన మూల రాయి మీద రోవర్ నిలబెట్టి చూపించినా. పాత కొలతకి రెండు సెంటీమీటర్లే తేడా. తల ఊపినాడు.

ఇంకా నాలుగు రాళ్ళు ఉండాయి, రేపు ఎల్లుండి పొద్దున్నే కానిచ్చేస్తా. డేటా తమ్ముడికి ఈ రాత్రి పంపిస్తా. ఎవరి దగ్గరన్నా పాత బైపాడ్ ఉంటే చెప్పండి, చీకట్లో గెనిమ మీద జారి నాది ఒక కాలు విరిగింది.